బొగ్గు యోగ్యతా నిర్ణయము: బీదరు మట్టినుండి సింగరేణి మచ్చువరకు

బీదరు పట్టణమున బిద్రీ పనివారి దుకాణములలో నేటికిని ఒక విచిత్రమైన పరీక్ష జరుగుచున్నది. సుమారు 16 పాళ్లు తుత్తునాగము, అనగా జింకు, ఒక పాలు రాగి కరగించి పాత్రను పోతపోయుదురు. దానిపై పూలు లతలు చెక్కి, ఆ గాడులలో వెండితీగ పొదుగుదురు. చివరకు కోటమట్టిని నవాసాగరముతో కలిపి, ఆ నీటిలో పాత్రను వేడిచేసి రుద్దినప్పుడు లోహము కాటుకవలె నల్లబడును. వెండి మాత్రము తెల్లగనే నిలుచును. ఈ నలుపు యొక్క నాణ్యమంతయు మట్టిమీదనే ఆధారపడియున్నది. బహమనీ సుల్తానుల కాలమునాటి కోటలో, ఎండవానలు సోకని పాత కట్టడముల చోటినుండి తీసిన మట్టియే ఇందులకు శ్రేష్ఠమని పనివారి అనుభవము. దానియందలి సురేకారమే ఈ గుణమునకు కారణమని రసాయన శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పనివాడు రసాయనశాలకు పోడు. చిటికెడు మట్టి నాలుకపై వేసికొని, అది పనికివచ్చునో రాదో క్షణములో తేల్చును.

ఈ నాలుక నమ్మదగినదేనా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగల పద్ధతి 1935వ సంవత్సరమున ఇంగ్లండులో గ్రంథస్థమైనది. రోనాల్డ్ ఫిషర్ పండితుడు ప్రయోగ రచనను గూర్చి వ్రాసిన పుస్తకములో ఒక స్త్రీ ప్రసక్తి వచ్చును. కప్పులో ముందు పాలు పోసిరా, తేనీరు పోసిరా అన్నది రుచి చూచి చెప్పగలనని ఆమె వాదము. ఫిషర్ 8 కప్పులు, ఒక్కొక్క విధముగా నాలుగేసి, క్రమము తెలియకుండ ఆమె ముందు ఉంచవలెనన్నాడు. ఎనిమిదింటినుండి నాలుగింటిని ఎన్నుకొనుటకు 70 మార్గములున్నవి. కేవలము ఊహతో అన్నిటిని సరిగా చెప్పుటకు గల అవకాశము 70లో ఒకటి మాత్రమే. కనుక ఆమె అన్నిటిని సరిగా చెప్పినచో అది అదృష్టమని కొట్టివేయుటకు వీలులేదు. బీదరు పనివాని ముందు కూడ నాలుగు చిటికెలు కోటమట్టి, నాలుగు చిటికెలు పొలము మట్టి ఉంచినచో ఈ పరీక్షయే సరిపోవును. బహుశః అతడు గెలుచును. తరతరముల పనితనమును ఎగతాళి చేయుటకు సాంఖ్యక శాస్త్రము పుట్టలేదు. అది ఎంతవరకు నిజమో కొలిచి చూపుటకే పుట్టినది.

అయితే ఆ నాలుక గుప్పెడు మట్టికి చాలును. నాలుగువేల టన్నుల బొగ్గును మోయు గూడ్సు బండికి ఏ నాలుక చాలును? ఇచ్చట బీదరు కథ సింగరేణి కథతో కలియును. 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీవరకు బీదరు జిల్లాయు, సింగరేణి గనులును ఒకే హైదరాబాదు రాష్ట్రమున ఉండెను. రాష్ట్ర పునర్విభజనలో బీదరు మైసూరు రాష్ట్రమునకు చేరినది. అదే జిల్లాలోని నారాయణఖేడ్, జహీరాబాదు ప్రాంతములు మెదకు జిల్లాలో కలిసినవి. బంధువులు రెండు రాష్ట్రములవారైరి. బొగ్గు మాత్రము సరిహద్దు చూడలేదు. రాయచూరు చెంత శక్తినగరమున 1985లో ప్రారంభమైన విద్యుత్కేంద్రమునకు వచ్చు బొగ్గులో సింగరేణిది ముఖ్యమైన పాలు. ఆ బొగ్గులో బూడిద ఎంత అన్న ప్రశ్న నేటికిని రెండు రాష్ట్రముల ప్రజల సొమ్ముతో ముడిపడియున్నది.

సింగరేణి బొగ్గును గూర్చి ప్రజలలో ఒక కథ ప్రచారములో నున్నది. భద్రాచల యాత్రకు పోవువారు ఇల్లందు ప్రాంతమున పొయ్యికి నల్లరాళ్లు పేర్చి వంటచేయబోగా రాళ్లే అంటుకొన్నవట. కథ ఎట్లున్నను, భారత భూగర్భ పరిశోధక శాఖకు చెందిన విలియం కింగ్ 1870ల ఆరంభమున ఆ ప్రాంతమున బొగ్గుపొరలను గుర్తించెను. ఒక పొరకు ఆయన పేరే నిలిచినది. ఇంగ్లండులో స్థాపితమైన హైదరాబాదు డెక్కన్ కంపెనీ 1886లో గనుల హక్కులను పొందెను. 1889లో ఇల్లందున బొగ్గు తీయుట ఆరంభమైనది. ఆ ఊరికి జనులు బొగ్గుట్ట యని పేరు పెట్టుకొనిరి. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. 1945లో నిజాం ప్రభుత్వము దాని వాటాలలో అధిక భాగమును కొన్నది. ప్రభుత్వమే గనికి యజమానియైన సంస్థలలో ఇది మన దేశమున మొదటి వరుసలో నిలుచును. నేడు అందు 51 పాళ్లు తెలంగాణ ప్రభుత్వమునకు, 49 పాళ్లు కేంద్రమునకు ఉన్నవి.

తొలి దినములలో బొగ్గు యోగ్యతను ఎవరు నిర్ణయించిరి? రైలు ఇంజనులో పొయ్యి వేయు ఫైర్‌మన్ నిర్ణయించెను. ఆవిరి లేచినదా, బూడిద గడ్డకట్టినదా, పార ఎన్ని పర్యాయములు ఎత్తవలసివచ్చెను అన్నవే అతని పరీక్షలు. ఇదియు ఒక విధముగ బిద్రీ పనివాని నాలుకయే. హైదరాబాదు రాష్ట్రము 1944లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనకై కేంద్ర ప్రయోగశాలలను నెలకొల్పిన పిమ్మట, సింగరేణి బొగ్గును తక్కువ వేడిలో మ్రగ్గించి పొగరాని వంటబొగ్గు తయారుచేయు ప్రయత్నములు ఆ నగరమున చాలకాలము సాగినవి. ఆ ప్రయోగశాలయే తరువాత ప్రాంతీయ పరిశోధనశాల యయ్యెను. ధన్‌బాద్ చెంత కేంద్ర ఇంధన పరిశోధన సంస్థ 1950లో వెలసెను. అప్పటినుండి బొగ్గును మూసలో కాల్చి బూడిద తూచుట నిత్యకృత్యమైనది.

ఇచ్చటనే అసలు చిక్కు కలదు. ప్రయోగశాలలో కాల్చునది ఒక్క గ్రాము పొడి. ఆ గ్రాము నాలుగువేల టన్నుల తరఫున సాక్ష్యము చెప్పవలెను. అనగా నాలుగు వందల కోట్ల గ్రాములకు ఒక్క గ్రాము ప్రతినిధి! త్రాసు ఎంత సూక్ష్మమైనను, కొలిమి ఎంత సరియైనను, ఆ గ్రాము సరియైన ప్రతినిధి కానిచో ఫలితము వ్యర్థము. బొగ్గుకుప్పను చూచినవారికి ఇది తెలియును. పెద్ద గడ్డలు అంచులకు దొర్లును; పొడి నడుమ నిలుచును. రాయి కలిసిన ముక్క బరువుగా నుండును. మంచి బొగ్గు తేలికగా విరుగును. వ్యాగను కుదుపులకు పొడి క్రిందికి దిగును. పైనుండి పారతో ఎత్తిన మచ్చు పైనున్న బొగ్గును గూర్చియే చెప్పును, అడుగునున్న దానిని గూర్చి కాదు.

ఈ విషయమును లెక్కలతో మొదట తీవ్రముగా పట్టించుకొన్నవారిలో అమెరికా దేశపు ఇంజనీరు బెయిలీ ఒకడు. 1909లో ఆయన ప్రకటించిన వ్యాసమున మచ్చు బరువుకును, అందు పడగల పెద్ద రాతిముక్క బరువుకును గల సంబంధమును విచారించెను. చిన్న మచ్చులో ఒక్క రాతిముక్క ఎక్కువగా పడినను బూడిద శాతము ఎగిరిపోవును గదా! 1930లో ఇంగ్లండులో గ్రూమెల్, డనింగ్‌హాం అను ఇరువురు వందలకొలది మచ్చులు పరీక్షించి, ఒక్కొక్క పార మచ్చు బూడిద ఎంత చెదరియుండునో తేల్చి, కోరిన నమ్మకమునకు ఎన్ని పారలు ఎత్తవలెనో సూత్రరూపమున చూపిరి. ఆ సూత్రపు సారము సులభము. ఒక్కొక్క పారలోని బూడిద సగటునుండి 5 పాళ్లు చెదరుచున్నదనుకొందము. సగటు బూడిదను 1 పాలు అటునిటుగా, నూటికి 95 పర్యాయములు సరియగునట్లు తెలిసికొనవలెనన్నచో సుమారు 100 పారలు కావలెను. అర పాలు మేరకు తెలిసికొనవలెనన్నచో 200 చాలవు, 400 కావలెను. తప్పు సగమగుటకు శ్రమ నాలుగింతలగును. మచ్చు తీయు కూలీల వేతనమును తగ్గింపజూచు గుమాస్తాకు ఈ వర్గమూల నియమము ఎన్నడును రుచింపదు. కాని అది ప్రకృతి నియమము, గుమాస్తా సంతకముతో మారదు. మన దేశమున 436వ సంఖ్యగల భారతీయ ప్రమాణము 1964లో బొగ్గు మచ్చు తీయు విధానమును నిర్ణయించినప్పుడు ఈ భావములకే చోటిచ్చినది.

ఒక హెచ్చరిక అవసరము. పారల సంఖ్య పెంచిన యాదృచ్ఛికముగా కలుగు తప్పు తగ్గును. ఏకపక్షముగా కలుగు తప్పు తగ్గదు. వ్యాగను పైభాగమునుండియే వేయి పారలు తీసినను పైభాగమే వేయి పర్యాయములు సాక్ష్యము చెప్పును. అందుచేతనే కదలుచున్న బెల్టునుండి, దాని అడ్డుకొలత పూర్తిగా, నియత కాలమున కోసి తీసిన మచ్చును నిపుణులు శ్రేష్ఠమని చెప్పుదురు. ఏ గణితమును చెడు పారను మంచి పార చేయలేదు.

కొలది మచ్చులనుండి తీర్పు చెప్పు విద్యకు మూలపురుషుడు ఒక బీరు కర్మాగారపు ఉద్యోగి. డబ్లినులోని గిన్నెస్ సంస్థలో పనిచేసిన విలియం గాసెట్ బార్లీ గింజలను గూర్చిన స్వల్పసంఖ్యాక పరీక్షలతో వేగుచు, 1908లో తన పద్ధతిని 'స్టూడెంట్' అను మారుపేరుతో ప్రకటించెను. ఉద్యోగులు సొంతపేర్లతో వ్యాసములు ప్రకటించుట ఆ సంస్థకు సమ్మతము కాదు. అతడు కనిపెట్టిన 'టి' పరీక్ష బార్లీకి ఎంత వర్తించునో బొగ్గుకు అంత వర్తించును. భారతదేశమున ఈ శాస్త్రమునకు నెలవు ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో స్థాపించిన భారతీయ సాంఖ్యక సంస్థ. కర్మాగారములలో నాణ్య నియంత్రణకు పటములు వాడు పద్ధతిని సృష్టించిన వాల్టర్ షూహార్ట్ 1947-48 శీతకాలమున ఆ సంస్థ ఆహ్వానముపై మన దేశము వచ్చి పలు పారిశ్రామిక కేంద్రములను దర్శించెను.

ఆ సంస్థలో వెలిగిన మహనీయుడు తెలుగువాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10వ తేదీన హడగలిలో జన్మించెను. ఆ ఊరు అప్పుడు మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాలోనిది, నేడు కర్ణాటకమున నున్నది. ఇంట తెలుగు, వీథిలో కన్నడము వినిపించు అట్టి ఊళ్లు బీదరువారికి క్రొత్త కావు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున పట్టము పొంది, 1941లో కలకత్తా చేరెను. 1945లో, ఇరువది అయిదేండ్లు నిండకముందే, ఏ అంచనాయైనను ఎంతకన్న సూక్ష్మము కాజాలదో తెలుపు హద్దును నిరూపించెను. క్రామర్-రావు హద్దు అని లోకము దానిని పిలుచుచున్నది. 1948లో ఆయన ప్రతిపాదించిన 'స్కోర్' పరీక్ష నేడు ప్రపంచమంతట వాడుకలో నున్నది. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమానము లభించిన కొన్ని నెలలకు, ఆగస్టు 22వ తేదీన, నూట రెండేండ్ల వయస్సున అమెరికాలో కీర్తిశేషుడయ్యెను. ఆయన బొగ్గును గూర్చి పనిచేయలేదు. కాని బొగ్గు మచ్చుతో తీర్పు చెప్పు ప్రతివారును తమ అంచనా ఎంత సూక్ష్మము కాగలదన్న ప్రశ్నను ఎదుర్కొనుచునే యున్నారు. ఆ ప్రశ్నకు హద్దు గీచినది ఆయనయే.

ఇక వ్యవహారమునకు వత్తము. గనివద్ద బూడిద ఒక అంకె, విద్యుత్కేంద్రమువద్ద మరియొక అంకె వచ్చుట మన దేశమున పాత తగవు. అమ్మువాడు కొనువానిని, కొనువాడు అమ్మువానిని శంకించును. ఇట్టి తగవునకు ఒక కల్పిత ఉదాహరణము చూతము. పది బండ్ల బొగ్గును రెండు చోట్లను పరీక్షించిరి. దింపినచోట బూడిద సగటున 1.2 పాళ్లు ఎక్కువ వచ్చినది. బండికిని బండికిని బూడిద 4 పాళ్లు చెదరుచున్నదనుకొందము. ఎక్కించినచోటి పది అంకెలను ఒక గుంపుగను, దింపినచోటి పదింటిని వేరొక గుంపుగను పోల్చినచో 'టి' విలువ 0.67 మాత్రమే, గనివారు 'భేదమేమియు లేదు' అందురు. కాని బండికి బండిని జతపరచి, జతలోని భేదమును మాత్రమే చూచినచో కథ మారును. జతల భేదములు 1.5 పాళ్లు మాత్రమే చెదరినచో 'టి' 2.53 అగును. పది జతలకు నూటికి అయిదు స్థాయిలో హద్దు 2.26. కనుక భేదము యాదృచ్ఛికమని చెప్పుటకు వీలుపడదు. అవే అంకెలు, వేరు తీర్పు! మొదటి పద్ధతిలో బండ్ల నడుమగల సహజ భేదము అసలు భేదమును కప్పివేసినది.

అయినను కొనువారు తొందరపడరాదు. నూటికి ఒకటి స్థాయిలో హద్దు 3.25, అంతటి కఠిన సాక్ష్యము ఇచ్చట లేదు. మరియు భేదము ఉన్నదని తేలుట వేరు, అది ఎందువలన కలిగినదని తేలుట వేరు. దారిలో మంచి బొగ్గు పోయి యుండవచ్చును. ఒకచోట మచ్చు పైనుండియే తీసియుండవచ్చును. తేమ లెక్కలో తేడా ఉండవచ్చును. పరీక్ష దొంగను పట్టి ఈయదు. ఎచ్చట వెదకవలెనో మాత్రము చూపును. అట్లే 'భేదము రుజువు కాలేదు' అన్న మాటను 'భేదము లేదు' అని చదువుట కార్యాలయములలో తరచు కనిపించు పొరపాటు. నాలుగు జతలు మాత్రమే పరీక్షించినవానికి చిన్న భేదము రుజువగుట కష్టము.

ఒక పాలు బూడిదకై ఇంత వాదమెందులకు అని అడుగువారు ధరల పట్టికను చూడవలెను. 2011 చివరివరకు మన దేశమున సాధారణ బొగ్గు తరగతిని ఒక సూత్రముతో నిర్ణయించుచుండిరి. బూడిద, తేమల మొత్తమును 138తో గుణించి 8900నుండి తీసివేసినచో ఉపయుక్తోష్ణము వచ్చును. ఆ మొత్తము 40 పాళ్లయినచో 3380 కిలోకాలరీలు. అది 3360కి పైబడుటచే 'ఇ' తరగతి. మొత్తము 41 అయినచో 3242. అది 'ఎఫ్' తరగతి. మచ్చు తీయు పార ఒక్క పాలు తప్పిన బండి అంతయు క్రింది తరగతికి జారును, లేదా అనర్హముగ పైతరగతి ధర పొందును. 2012 జనవరి 1వ తేదీనుండి మొత్తము ఉష్ణమును బట్టి 300 కిలోకాలరీల మెట్లతో 17 తరగతులు ఏర్పడినవి. మెట్లు ఇరుకైనవి, గట్టు తగవులు అధికమైనవి. అమ్ము కొనువారిరువురికిని చెందని మూడవవారిచేత మచ్చు తీయించు ఏర్పాటు ఆ తరువాత వచ్చుటకు ఇదియే ప్రధాన కారణము. ధన్‌బాద్ ఇంధన సంస్థ 2007లో గని పరిశోధన సంస్థతో కలిసి ఏర్పడిన నూతన సంస్థకు ఆ పనిలో పెద్ద భాగము అప్పగింపబడెను.

బొగ్గును కడుగు కర్మాగారములలో ఈ లెక్క ఇంకను తీక్ష్ణము. 1950ల ఆరంభమున పశ్చిమ బొకారో, జమాదోబాలలో టాటావారి వాషరీలతో మన దేశమున ఈ పని మొదలయ్యెను. కడుగుట అనగా మురికి పోగొట్టుట కాదు; తేలికయగు బొగ్గును బరువగు రాతినుండి వేరుపరచుట. దీనిని ప్రయోగశాలలో తేల్చి ముంచి చూతురు. ఆ ద్రవములలో ఒకటి జింకు క్లోరైడు ద్రావణము. బిద్రీ పాత్రకు ప్రాణమైన లోహమే ఇచ్చట బొగ్గుకు న్యాయాధికారి యగుట చమత్కారము. గోండ్వానా బొగ్గులో, అందులో సింగరేణిదియు ఒకటి, ఖనిజ పదార్థము బొగ్గుతో పెనవేసికొని యుండును. వేరుపరచు సాంద్రతకు అటునిటు ఉండు మధ్యరకపు ముక్కలు మెండు. అవి తేలవలెనో మునుగవలెనో తెలియక యంత్రమును మోసగించును. అట్టివి నూటికి 25 పాళ్లు మించినచో అమెరికా నిపుణుడు బర్డ్ 1928నాటి వర్గీకరణలో ఆ బొగ్గును కడుగుటకు అతి దుస్సాధ్యమైన దానినిగ పరిగణించెను.

కనుక యంత్రము చెడ్డదా, బొగ్గు మొండిదా? హాలెండు దేశపు ట్రాంప్ 1937లో ఈ రెంటిని విడదీయు వక్రరేఖను కనుగొనెను. ఒక్కొక్క సాంద్రతగల ముక్క శుభ్రమైన బొగ్గులోనికి పోవు అవకాశమెంతయో ఆ రేఖ చూపును. అది నిటారుగ నిలిచినచో యంత్రము మంచిది. వాలినచో యంత్రము సందేహించుచున్నది. నూటికి 25, 75 అవకాశములుగల సాంద్రతల భేదములో సగమును సంభావ్య దోషమందురు. భార మాధ్యమ యంత్రమున అది చాల స్వల్పము. నీటిలో పైకి క్రిందికి కుదుపు జిగ్గులో దానికి రెండు మూడింతలు. దిగుబడిని మాత్రమే చూచి యంత్రమును మెచ్చుకొనుట పొరపాటు. సులువైన బొగ్గు దొరికిన నాడు చెడు యంత్రమును ప్రశంసలు పొందును.

దిగుబడి లెక్కయు మచ్చుపైననే నిలుచును. వచ్చిన బొగ్గులో బూడిద 40, కడిగినదానిలో 32, త్రోసివేసినదానిలో 64 పాళ్లనుకొందము. 64నుండి 40 తీసివేయగా 24; 64నుండి 32 తీసివేయగా 32; దిగుబడి నూటికి 75. మొదటి మచ్చు ఒక్క పాలు తప్పి 41 అని వచ్చినచో దిగుబడి 72కు లోబడును. నాలుగువేల టన్నులలో ఈ భేదము 125 టన్నులు. ఆ 125 టన్నులు ఎవరో దొంగిలింపలేదు, ఎచ్చటను పారిపోలేదు. పార పడినచోటును బట్టి కాగితముపై మాయమైనవి. అట్టి కాగితమును పట్టుకొని వాషరీ కార్మికులను నిందించుట, లేక యంత్రమును మార్చుట, రెండును అన్యాయములే. వరుసగా పలుదినముల అంకెలను షూహార్ట్ పటముపై వేసి, హద్దు దాటినప్పుడే కారణము వెదకుట మేలు. ప్రతి అంకెవెంటను పరుగెత్తువాడు యంత్రమును సరిచేయుచున్నాననుకొని చెడగొట్టును.

దూరమునగల విద్యుత్కేంద్రములకు పంపు బొగ్గులో బూడిద 34 పాళ్లు మించరాదన్న నియమము 1997లో ప్రకటింపబడి, వేయి కిలోమీటర్లు దాటిన కేంద్రములకు 2001 జూన్‌నుండి అమలులోనికి వచ్చెను. 2014లో ఆ దూరము 500 కిలోమీటర్లకు తగ్గింపబడెను. 2020 మే 21వ తేదీన ఆ నియమము తొలగింపబడినది. కడుగుటయా మానుటయా అన్నది దానితో తిరిగి ఖర్చు లెక్కకే వదలివేయబడినది. ఆ లెక్కలో రవాణా కూలి, బూడిద పారవేయు ఖర్చు, కడుగుటలో పోవు బొగ్గు అన్నియు చేరును; ప్రతి అంకెకును మొదటి మెట్టు మచ్చే. యంత్రపు బర్మాలు వ్యాగనులో పైనుండి అడుగువరకు దిగి మచ్చు తీయుట నేడు పలుచోట్ల జరుగుచున్నది. బర్మా అడుగును తాకినదా లేదా అన్నది మాత్రము దగ్గర నిలిచి చూచు మనుష్యుడే వ్రాసికొనవలసియున్నది.